రైలు పట్టాల మీద పుట్టిన రాజధాని

(విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇయ్యాల మేం చెప్పబోయేది మన జిల్లా ముచ్చట కాదు, మన దేశం ముచ్చట కూడ కాదు. అమెరికా పడమటి మైదానాల్లో వ్యోమింగ్ అనే రాష్ట్రమున్నది. దాని రాజధాని షయాన్ అనే రైల్వే ఊరు. ఆ ఊరి ముచ్చట. ఈ సభలో ఆ ఊరి పేరెందుకని ముందు వరుసలో కూసున్న తమ్ముళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నరు. చెప్తం. డెన్వర్‌లో కొలువు చేస్తున్న మా దోస్తు కాడికి పోయినప్పుడు, అక్కడికి ఉత్తరాన వంద మైళ్ల దూరంలో ఉన్న ఈ ఊరిని ఒక పూట చూసొచ్చినం. పోయేటప్పుడు చూడాల్సిన పాత కట్టడాల జాబితా రాసుకొని పోయినం. వచ్చేటప్పుడు ఒక ప్రశ్న పట్టుకొని వచ్చినం. ఒక ఊర్లో ఏ కట్టడం నిలబడ్డది, ఏది కూలిపోయింది, ఎవరి పేరు మిగిలింది, ఆ పేరు గలోళ్లు ఎటు పోయిన్రు?

ఊరి నడుమ పాత రైల్వే స్టేషన్ ఉన్నది. దాని ముందర నిలబడితే ఎదురుంగ ఒకటే సక్కటి తొవ్వ, కాపిటల్ అవెన్యూ అంటరు. ఈ కొసన స్టేషన్. ఆ కొసన బంగారు గుమ్మటంతోని శాసనసభ భవనం. స్టేషన్ గడియారం గోపురం, శాసనసభ గుమ్మటం పొద్దంత ఒకదాన్నొకటి చూసుకుంటుంటయి. ఒకటి కంపెనీ గద్దె, ఇంకొకటి సర్కారు గద్దె. కంపెనీ గద్దె కింద రాయి ముందు పడ్డది. స్టేషన్ పునాదిరాయి 1886 జులైలో, శాసనసభ పునాదిరాయి 1887 మే నెలలో. ఆ వరుస ఉత్తగ పడ్డది కాదు. ఆ ఊరి కథంత ఆ వరుసలోనే ఉన్నది.

మనకు రైల్వే ఊరంటె కాజీపేట, డోర్నకల్ యాదికొస్తయి. చుట్టుముట్టు పల్లెలున్నయి, పొలాలున్నయి, చెరువులున్నయి, వాటి నడుమకు రైలొచ్చింది. షయాన్ అట్ల కాదు. 1867 ఎండాకాలం మొదట్ల అక్కడ ఒక్క ఇల్లు లేదు. క్రో క్రీక్ అనే చిన్న వాగు, సముద్ర మట్టానికి ఆరు వేల అడుగుల ఎత్తున గాలి కొట్టే గడ్డి మైదానం, అంతే.

అంటె ఎవరూ లేని జాగ అనుకునేరు. 1851లో ఫోర్ట్ లారమీ కాడ అమెరికా సర్కారు మైదానాల తెగలతోని ఒప్పందం చేసుకున్నది. ప్లాట్ నది ఉత్తర పాయకు, అర్కన్సా నదికి నడుమ నేల షయాన్, అరపాహో తెగలదని కాగితం మీద సర్కారే ఒప్పుకున్నది. ఇప్పటి షయాన్ ఊరు ఆ హద్దుల లోపలే ఉన్నది. పదేండ్లు తిరగకముందే కొలరాడోలో బంగారం బయటపడ్డది, కాగితం చిత్తు కాగితమైంది. 1864 నవంబర్ 29న శాండ్ క్రీక్ కాడ, సర్కారు మాట నమ్మి గుడారాలేసుకున్న షయాన్, అరపాహో జనం మీద కల్నల్ చివింగ్టన్ సైన్యం పడ్డది. నూట యాభై మందికి పైగ చచ్చిపోయిన్రు, అందులో ఎక్కువ మంది ఆడోళ్లు, పిల్లలు, ముసలోళ్లు. ఆ సంగతి జరిగిన మూడేండ్లకు, అదే తెగ పేరు పెట్టి కంపెనీ ఊరు కట్టింది. ఆ పేరు గూడ వాళ్లు తమను తాము పిలుచుకునేది కాదు, పక్కనున్న సూ తెగ వాళ్లను పిలిచిన పేరు. వాళ్లు తమను త్సిత్సిస్తాస్ అనుకుంటరు. నేల తీసుకున్నరు, పేరు తీసుకున్నరు, ఆ పేరన్న వాళ్ల నోటి పేరు కాదు.

ఇంతకు రైలు కంపెనీకి ఇంత బలం యాడికెల్లి వచ్చింది? అబ్రహాం లింకన్ 1862 జులై 1న సంతకం పెట్టిన పసిఫిక్ రైల్వే చట్టం నుంచి. పట్టాలేసిన ప్రతి మైలుకు పది సెక్షన్ల భూమి యూనియన్ పసిఫిక్ కంపెనీకి రాసిచ్చిన్రు. 1864లో దాన్ని ఇరవై సెక్షన్లు చేసిన్రు. ఒక సెక్షన్ అంటె 640 ఎకరాలు. అంటె మైలుకు 12,800 ఎకరాలు! లెక్క మళ్లొక్కసారి చేసుకోండి, మేం గూడ రెండుసార్లు చేసుకున్నం. పట్టాలకు ఇరుదిక్కుల ఒక గడి కంపెనీది, ఒక గడి సర్కారుది, మళ్ల ఒక గడి కంపెనీది, చదరంగం బల్ల లెక్క. దక్షిణ వ్యోమింగ్ భూమి పటం తీస్తె ఆ గడులు ఇప్పటికీ కండ్లకు కొట్టినట్టు కనబడ్తయి.

భూమి ఒక్కటే కాదు, బాండ్ల రూపంలో అప్పు గూడ ఇచ్చిన్రు. చదును నేల మీద మైలుకు 16,000 డాలర్లు, కొండల్లో మైలుకు 48,000 డాలర్లు. మరి కొండలు ఏడ మొదలైతయి? ఇది భూగోళం పాఠం ప్రశ్న కాదు, పైసల ప్రశ్న. షయాన్‌కు పడమరన కొద్ది మైళ్లకే కొండల పాదమని తేల్చిన్రు. ఆడికెళ్లి 150 మైళ్ల దాక మూడింతల అప్పు. నిజానికి అక్కడి వాలు చాన మెల్లగ ఎక్కుతది. రైలు తొవ్వకు అంత సులువుగ దొరికిన వాలు గనుకనే ఇంజనీర్లు ఆ దారిని ఎంచుకున్నరు. ఎక్కడానికి సులువు, బిల్లుకు కొండ. కాంట్రాక్టర్ల ముచ్చట ఏ దేశంలోనైన ఒక్కటే.

1867 జులై మొదటి వారంలో కంపెనీ ముఖ్య ఇంజనీరు, అంతర్యుద్ధంలో జనరల్‌గ చేసిన గ్రెన్‌విల్ డాడ్జ్ క్రో క్రీక్ ఒడ్డున గుడారమేసి, ఊరి హద్దులు కొలిపించిండు. ఊరు లేదు, జనం లేరు, రైలు ఇంకా నెలల దూరంలో ఉన్నది, అయినా ప్లాట్లు తయార్. కంపెనీ 150 డాలర్లకు అమ్మిన ప్లాటు నెల రోజుల్లో వెయ్యి డాలర్లకు చేతులు మారిందని పాత చరిత్రకారులు రాసిన్రు. రియల్ ఎస్టేట్ అంటె ఏందో మనకు శంషాబాద్ దిక్కు తెలిసింది, వాళ్లకు క్రో క్రీక్ ఒడ్డున తెలిసింది.

పేపరోళ్లం గనుక ఇంకొక సంగతి చెప్పకుంట ఉండలేం. రైలు రాకముందే ఊరికి పత్రిక వచ్చింది. 1867 సెప్టెంబర్ 19న నేథన్ బేకర్ అనే ఆయన 'షయాన్ లీడర్' మొదటి సంచిక అచ్చేసిండు. పట్టాలు నవంబర్ 13న గాని ఊర్లకు రాలేదు. అప్పటికే వేలమంది చేరిన్రు: ఐర్లాండ్ నుంచి వచ్చిన కూలీలు, యుద్ధం నుంచి కొలువు పోయిన సిపాయిలు, సారా దుకాణదార్లు, జూదగాళ్లు, వ్యాపారులు. రైలు ముందుకు పోతుంటె దానెంబడి పోయే ఇసొంటి గుడారాల ఊర్లకు అమెరికాలో 'చక్రాల మీది నరకం' అని పేరు. 1868 జనవరి వచ్చేసరికి మొహాలకు ముసుగులేసుకొని రాత్రిపూట తీర్పులిచ్చే గుంపులు గూడ తయారైనయి. ఊరి పక్కన అదే 1867లో సైన్యం ఫోర్ట్ డి.ఎ. రసెల్ అనే కోట కట్టింది. పట్టాలకు కావలి, తెగల మీద నిఘా. 1930లో దాని పేరు ఫోర్ట్ వారెన్ అయింది. ఇప్పుడది వైమానిక స్థావరం, అణు క్షిపణులు దాని చేతికింద ఉన్నయి. పాత ఎర్ర ఇటుకల బారకాసులు ఇంకా నిలబడే ఉన్నయి.

అయితే 1868 ఎండాకాలంలో పట్టాలు లారమీకి పోయినయి. జనం గుడారాలు పీక్కొని దానెంబడే పోయిన్రు. 1870 జనాభా లెక్కల్లో షయాన్‌లో మిగిలింది 1,450 మంది. రైలు వెంట పుట్టిన ఎన్నో ఊర్లు ఇట్లనే మట్టిల కలిసినయి. షయాన్ ఎందుకు కలవలేదు? కంపెనీ అక్కడ ఇంజన్ల మరమ్మతు షెడ్డు పెట్టింది. పక్కన కోటకు సరుకులు కావాలె. ఇంకొకటి డెన్వర్. ప్రధాన లైను తమ ఊరికి రాకుంట షయాన్ మీదికెళ్లి పోయిందని డెన్వర్ పెద్దలు గుండెలు బాదుకొని, సొంతంగ లైనేసుకొని 1870 జూన్‌లో షయాన్‌కు కలుపుకున్నరు. వీటన్నిటికంటె పెద్ద కారణం, షయాన్ రాజధాని అయింది.

ఇక్కడ జర ఆగుదాం. ఇది ఈ సభకు అసలు ముచ్చట.

షయాన్ పుట్టినప్పుడు ఆ నేల డకోటా టెరిటరీ కింద ఉండె. టెరిటరీ అంటె ఇంకా రాష్ట్రం కాని పరగణా. గవర్నర్ వాషింగ్టన్ నుంచి వస్తడు, స్థానిక శాసనసభ ఉంటది, పార్లమెంటులో ఓటు ఉండదు. డకోటా రాజధాని యాంక్టన్, మిస్సోరి నది ఒడ్డున, షయాన్‌కు నాలుగు వందల మైళ్ల దూరం. ఆడికి అప్పటికి రైలు లేదు. షయాన్‌లో ఖూనీ అయితె చట్టం యాంక్టన్‌ది, పన్ను యాంక్టన్‌ది, పెత్తనం యాంక్టన్‌ది. దూరపు రాజధాని అంటె ఏందో ఈ హాల్లో కూసున్నోళ్లకు వేరే చెప్పాల్సిన పని లేదు. మాకు వేరే టెరిటరీ కావాలని షయాన్ వాళ్లు అడిగిన్రు. యాంక్టన్ పెద్దలు గూడ అడ్డం పడలేదు, రైలు జనం ఎక్కువైతె తమ సభలో తామే మైనారిటీ అయితమని వాళ్ల భయం. 1868 జులై 25న చట్టమైంది. ఊరు పుట్టి ఏడాది తిరిగిందో లేదో, కొత్త టెరిటరీ పుట్టింది. దానికి పెట్టిన వ్యోమింగ్ అనే పేరు గూడ ఆ నేలది కాదు. రెండు వేల కిలోమీటర్లకు పైగ తూర్పున పెన్సిల్వేనియాలో ఉన్న ఒక లోయ పేరు, అక్కడి డెలావేర్ తెగ మాట. ఒహాయో నుంచి వచ్చిన ఆష్లీ అనే సభ్యుడు సూచించిండు. ఆ నేల మీద బతుకుతున్నోళ్లను ఎవరూ అడగలేదు.

1869లో గవర్నర్ జాన్ క్యాంప్‌బెల్ షయాన్‌ను రాజధాని చేసిండు. ఆ ఏడు అక్టోబర్‌లో మొదటి శాసనసభ కూసున్నది. కొత్త సభ, సొంత భవనం గూడ లేదు. ఆ సభనే 1869 డిసెంబర్‌లో, అప్పటికి ప్రపంచంలో పెద్ద పెద్ద దేశాలు చెయ్యని పని చేసింది. ఇరవై ఒక్కేండ్లు నిండిన ఆడోళ్లకు ఓటు హక్కు, పదవిలో కూసునే హక్కు ఇచ్చింది. డిసెంబర్ 10న గవర్నర్ సంతకం పెట్టిండు. బిల్లు తెచ్చిన విలియం బ్రైట్ సౌత్ పాస్ సిటీలో సారా దుకాణం నడిపినాయన. అందరూ మనసు కరిగి ఓటేసిన్రని మేం చెప్పం. కొందరికి న్యాయం మీద నమ్మకం, కొందరికి టెరిటరీ పేరు పేపర్లలో రావాలె, కొందరికి ఆడోళ్లు వలస రావాలె. నల్లజాతి మగోళ్లకు ఓటొస్తుంటె మా ఆడోళ్లకు ఎందుకు రావద్దనే చెడ్డ లెక్క గూడ అందులో ఉండె. రెండేండ్లకే, 1871లో, అదే శాసనసభ ఆ చట్టాన్ని రద్దు చెయ్యబోయింది. క్యాంప్‌బెల్ వీటో చేసిండు. వీటోను దాటడానికి ఒక్క ఓటు తక్కువైంది. ఒక్కటంటె ఒక్కటి.

1870 సెప్టెంబర్ 6న లారమీలో లూయీసా స్వైన్ అనే ముసలవ్వ ఈ చట్టం కింద మొదటి ఓటేసింది. అంతకు ముందే ఫిబ్రవరిలో ఎస్తర్ మోరిస్ జస్టిస్ ఆఫ్ ద పీస్ అయింది, అంటె చిన్న తగాదాలు తీర్చే మేజిస్ట్రేట్ అన్నట్టు. ఆమె విగ్రహం ఇప్పుడు వాషింగ్టన్‌లో పార్లమెంటు భవనంలో ఉన్నది.

ఊరి మొదటి రోజులంటె తెల్లోళ్లే అనుకుంటరు, పుస్తకాలు గూడ అట్లనే రాసినయి. బానిసగ పుట్టి పారిపోయి బతికిన బార్నీ ఫోర్డ్ 1875లో షయాన్‌లో ఇంటర్ ఓషన్ అనే పెద్ద హోటల్ కట్టిండు. అది 1916లో కాలిపోయింది. మంగలి పని చేసుకునే విలియం హార్డిన్ అనే నల్లజాతి ఆయనను 1879లో షయాన్ ప్రజలు శాసనసభకు పంపిన్రు. కట్టడాల జాబితాలో వీళ్ల కోసం వెతికితె మాకు గుమ్మటాలు కనబడలేదు.

ఇగ స్టేషన్ కాడికి వద్దాం. హెన్రీ వాన్ బ్రంట్ అనే వాస్తుశిల్పి గీసిన నక్ష, ఎర్రటి, బూడిద రంగు ఇసుకరాళ్లు, మందమైన గోడలు, గుండ్రటి కమాన్లు. చూస్తె కోట లెక్క ఉంటది, కండ్లు తిప్పుకోబుద్ధి కాదు. ఉన్నమాట చెప్పాలె గదా. 1887లో పూర్తయింది. ఆనాటి షయాన్‌కు అంత స్టేషన్ అవసరం లేదు. 1890లో గూడ ఊరి జనాభా 11,690. కంపెనీ కట్టింది తన అవసరానికి కాదు, తన దర్జాకు.

శాసనసభ భవనం నడిమి భాగం 1888లో అయింది, రెక్కలు 1890లో. ఆ ఏడే వ్యోమింగ్ రాష్ట్రమైంది. పార్లమెంటులో తేలికగ కాలేదు. ఆడోళ్లకు ఓటున్న రాష్ట్రాన్ని ఎట్ల చేర్చుకుంటమని పెద్ద గొడవ. వ్యోమింగ్ తన రాజ్యాంగంలో ఆ హక్కు తీసెయ్యలేదు. 1890 మార్చిలో ప్రతినిధుల సభలో 139 మంది సరే అన్నరు, 127 మంది వద్దన్నరు. జులై 10న 44వ రాష్ట్రం. జులై 23న షయాన్‌లో సంబురం చేసిన్రు. కొత్త శాసనసభ మెట్ల మీద థెరిసా జెంకిన్స్ ఉపన్యాసమిచ్చింది. మైకులు లేని కాలం. అందుకని ఆమె మైదానంలో నిలబడి మాట్లాడుతుంటె, మొగడు బండి ఎక్కి దూరం దూరం పోయి వినబడుతుందా లేదా అని చెప్పేటోడట. ఈ ముచ్చట అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటరు. మా అసొంటి ఉపన్యాసకులు నేర్చుకోవాల్సిన సంగతి.

రాష్ట్రం వచ్చింది. సంబురమైంది. మరి గద్దె మీద ఎవరు కూసున్నరు?

స్టేషన్‌కు, శాసనసభకు తోడు షయాన్‌లో మూడో కట్టడం ఒకటుండె, షయాన్ క్లబ్. 1880ల మొదట్ల పశువుల ఆసాములు కట్టుకున్నరు. వేల తలల మందలు, సర్కారు గడ్డి, ఇంగ్లండు పెట్టుబడి, క్లబ్బులో దావతులు. 1886-87 చలికాలపు మంచు తుఫాన్లు మందలను ఊడ్చేసినయి. ఉత్తరాన జాన్సన్ కౌంటీలో వంద, నూట అరవై ఎకరాలు పట్టుకొని బతికే చిన్న రైతులు ఆసాముల కంట్లో నలుసైన్రు. వాళ్లందరికి పశువుల దొంగలని ముద్రేసిన్రు. 1892 ఏప్రిల్ 5న, రాష్ట్రమొచ్చి రెండేండ్లు గూడ నిండలేదు, టెక్సాస్ నుంచి కిరాయికి తెచ్చిన తుపాకిగాళ్లను ఎక్కించుకొని ప్రత్యేక రైలొకటి షయాన్ నుంచి ఉత్తరానికి పోయింది. కిరాయోళ్లు, ఆసాములు కలిసి యాభై మంది దాక. ఏప్రిల్ 9న నేట్ చాంపియన్, నిక్ రే అనే ఇద్దర్ని చంపిన్రు. సంగతి తెలిసి వందలమంది రైతులు లేచి ఆ గుంపును ఒక ఫారంలో చుట్టుముట్టిన్రు. అప్పుడు సర్కారు మేలుకున్నది, రైతులను కాపాడటానికి కాదు. గవర్నరు తంతి, షయాన్ సెనేటర్ల సిఫారసు, ప్రెసిడెంట్ హారిసన్ ఉత్తర్వు, సైన్యం పోయి తుపాకిగాళ్లను సురక్షితంగ తీసుకొచ్చి ఫోర్ట్ రసెల్‌లో ఉంచింది. కేసు షయాన్‌లో నడిచింది. ఖైదీల ఖర్చు పెట్టుకోలేక జాన్సన్ కౌంటీ ఖజానా ఖాళీ అయింది. 1893 జనవరిలో కేసు కొట్టేసిన్రు. ఒక్కరికి శిక్ష పడలేదు.

యాంక్టన్ పెత్తనం పోయి ఇరవై నాలుగేండ్లయింది అప్పటికి. షయాన్ క్లబ్‌ను 1936లో కూలగొట్టిన్రు, దాని జాగ చూపించడానికి గూడ ఇప్పుడు గోడ లేదు.

షయాన్‌కు పడమర ముప్పై మైళ్ల చిల్లర దూరంలో, పాత లైను ఎక్కిన అన్నిటికంటె ఎత్తు జాగ షెర్మన్ కాడ, అరవై అడుగుల ఎత్తున గ్రానైట్ పిరమిడ్ ఉన్నది. ఓక్స్ ఏమ్స్, ఆలివర్ ఏమ్స్ అనే అన్నదమ్ముల పేరు మీద కంపెనీ 1880 నుంచి 1882 దాక కట్టించింది. హెచ్.హెచ్. రిచర్డ్‌సన్ నక్ష, సెయింట్ గాడెన్స్ చెక్కిన మొహాలు. ఓక్స్ ఏమ్స్ ఎవరనుకున్నరు? క్రెడిట్ మొబిలియర్ కుంభకోణంలో పార్లమెంటు సభ్యులకు షేర్లు పంచినందుకు 1873లో ప్రతినిధుల సభ అభిశంసించిన మనిషి. ఆ ఏడే చచ్చిపోయిండు. రైలెక్కి పోయే జనం కిటికీల్లోంచి చూడాలని ఆ పిరమిడ్ అక్కడ కట్టిన్రు. 1901లో కంపెనీ లైనును దక్షిణానికి జరిపింది. షెర్మన్ ఊరు మాయమైంది. పట్టాలు పీకేసిన్రు. ఇప్పుడక్కడ గాలి తప్ప ప్రయాణికుడు లేడు. తొవ్వేసిన ఐరిష్ కూలీల పేర్లు మాత్రం ఏ రాయి మీద చూడలేదు మేం. ఇదే లైను మీద, కంపెనీ బొగ్గు గనులున్న రాక్ స్ప్రింగ్స్‌లో 1885 సెప్టెంబర్ 2న 28 మంది చైనా కార్మికులను తోటి కార్మికులే చంపిన్రు. ఆ ఊరి ముచ్చట ఇంకొక రోజు చెప్పుకోవాలె.

షయాన్ స్టేషన్‌కు 2006లో జాతీయ చారిత్రక కట్టడం హోదా వచ్చింది. లోపల 2004 నుంచి మ్యూజియం నడుస్తున్నది. కొన్ని సందుల అవతల హాలిడే పార్కులో 4004 నంబరు 'బిగ్ బాయ్' ఆవిరి ఇంజను నిలబెట్టిన్రు. దాని సోపతి 4014ను షయాన్ షెడ్డులోనే బాగు చేసి 2019లో మళ్ల పట్టాలెక్కించిన్రు. స్టేషన్ ఎనుక గూడ్సు బండ్లు పోతనే ఉంటయి. మనుషులెక్కే రైలు మాత్రం 1997లో బందైంది.

ఏటా జులైలో ఊర్లో 'ఫ్రాంటియర్ డేస్' అని గుర్రాల పండుగ, పది రోజుల జాతర. 1897లో మొదలైంది. టికెట్లు అమ్ముడుపోవాలని రైల్వే కంపెనీ ఏజెంటు ఒకాయన ఇచ్చిన సలహా అది.

ఇగ ఆ పేరు గల జనం. ఉత్తర షయాన్ తెగకు 1884లో మోంటానాలో రిజర్వేషన్ ఇచ్చిన్రు, దాని కేంద్రం లేమ్ డీర్ అనే చిన్న ఊరు. దక్షిణ షయాన్ వాళ్లు ఓక్లహోమాలో ఉంటున్నరు. షయాన్ నుంచి లేమ్ డీర్‌కు ఎట్ల పోవాలని మేం మ్యూజియం కాడ అడిగినం. కారుంటె పోవచ్చన్నరు.

మాకిచ్చిన టైం అయిపోయింది. అడగాల్సినోళ్లు లేచి అడగండి, తెలిసినంత చెప్తం.